యూరి గగారిను

మన కొత్తకోటనుండి హైదరాబాదునకు బస్సు చేరునంత కాలమైనను బట్టకుండ, భూగోళము నొకమాఱు చుట్టివచ్చిన మానవుఁడు యూరి గగారిను. 1961వ సంవత్సరాంతమున భారతదేశమునకు వచ్చినపు డాతఁ డా హైదరాబాదును గూడఁ జూచిపోయెను.

ఇతఁడు 1934వ సం. మార్చి 9వ తేదిని సోవియెట్టు రష్యాలోని క్లూషినో గ్రామమునఁ బుట్టెను. తండ్రి వడ్రంగి, తల్లి పాడిపశువులఁ జూచెడిది. యుద్ధకాలమున జర్మను సైనికులు వారి యింటి నాక్రమింపఁగా, ఆ కుటుంబము త్రవ్వుకొన్న మట్టిగుంటలోఁ దలదాఁచుకొనవలసివచ్చెను. అన్నను, అక్కను శత్రువులు వెట్టిచాకిరికిఁ గొనిపోయిరి; యుద్ధానంతరము వారు తిరిగివచ్చిరి. యూరి లోహపుఁ బోఁతపని నేర్చి, సరాతోవు పారిశ్రామిక పాఠశాలలోఁ జదువుచు విమానము నడపుట నభ్యసించెను. 1960లో వ్యోమయానమునకై యెన్నుకొనఁబడిన యిరువదిమంది వైమానికులలో నొకఁడయ్యెను.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. వోస్తోకు నౌక తనంతటఁ దాను నడచునట్లు నిర్మింపఁబడెను. దేహభారము తెలియని స్థితిలో మానవునికి మతి చలించునేమో యని వైద్యులు శంకించిరి. కావునఁ జేతితో నడపు సాధనమును బంధించి, దానిని విడిపించు సంఖ్యను లకోటాలో నుంచిరి. ఆ సంఖ్య 125. అయినను బయనమునకు ముందే తోడివారు దాని నాతని చెవిని వేసిరి! వైద్యుల శంకకంటె వీరి నమ్మకమే గొప్పది.

1961 ఏప్రిలు 12న బైకనూరునుండి బయలుదేఱి, సుమారు 327 కిలోమీటర్ల యెత్తునకుఁ బోయి, 108 నిమిషములలోఁ దిరిగివచ్చెను. అంతరిక్షమున భుజించెను, నీరు త్రాగెను, చూచినవి వ్రాసికొనెను. పెన్సిలు తేలిపోఁగా నోటితోఁ జెప్పి యంత్రమున నెక్కించెను. దిగివచ్చుతఱి వెనుకటి భాగము సకాలమున విడిపోక, నౌక కొన్ని నిమిషములు గిరగిరఁ దిరిగెను; ఆతఁడు కలఁతపడలేదు. 7 కిలోమీటర్ల యెత్తున వెలికివచ్చి, గొడుగుతో సరాతోవు ప్రాంతపుఁ బొలమున దిగెను. అచ్చటి యొక ముదుసలియు, మనుమరాలును జూచి జడిసిరి. నౌకలోఁ గాక వేఱుగా దిగిన సంగతిని రికార్డు పోవునని ప్రభుత్వము చాలకాలము దాఁచెను. అది మెచ్చఁదగిన పని కాదు.

ఆ సంఖ్య నుపయోగింప నవసరమే రాలేదు. మఱి మానవుఁడు చేసిన దేమి యని కొంద ఱడుగుదురు. మానవుఁ డచ్చటఁ దెలివితోఁ బనిచేయఁగలఁడా యను ప్రశ్నకు యంత్ర మెట్లు బదులు చెప్పఁగలదు? ఆతఁడు తన దేహముతోఁ బరీక్షించి చెప్పెను.

1967లో మిత్రుఁడు కొమరోవు సోయూజు నౌకలో మరణించెను. అటుపిమ్మట గగారినును మరల నంతరిక్షమునకుఁ బంపుట కధికారు లొప్పరైరి. 1968 మార్చి 27న అభ్యాసవిమానము కూలి, శిక్షకునితోఁ గూడ మృతినొందెను. అప్పటికి వయస్సు 34. తాను తిరిగిరానిచో భార్య కిమ్మని 1961లోఁ బయనమునకు రెండు దినములు ముందు వ్రాసిన యుత్తరము, అప్పటికిఁ గాని యామె చేతఁ బడలేదు.