లెక్కను వెనక్కి నడిపించిన భాస్కరాచార్యులు



హోంవర్క్ చేస్తూ మీ పిల్లలు కలపాలా, తీసెయ్యాలా అని మిమ్మల్ని అడుగుతుంటారు కదా! ఆ సందేహం తీరే దారిని తొమ్మిది శతాబ్దాల కిందటే రాసిపెట్టిన మహానుభావుడి గురించి ఈ నెల తెలుసుకుందాం.

భాస్కరాచార్యులు 1114లో పుట్టారు. సహ్యాద్రి కొండల దగ్గరి విజ్జడవిడం ఆయన ఊరు. తండ్రి మహేశ్వరుడు జ్యోతిశ్శాస్త్ర పండితుడు, కొడుక్కి గురువు కూడా ఆయనే. అంటే భాస్కరాచార్యులకూ మొదటి టీచర్ ఇంట్లోనే దొరికారన్నమాట. 36 ఏళ్ల వయసులో, 1150లో, ఆయన సిద్ధాంత శిరోమణి రాశారు. అందులో అంకగణితం చెప్పే భాగమే లీలావతి. తేనెటీగలు, హంసలు, గాలికి విరిగిన వెదురు, పామును పట్టబోయే నెమలి, అర్జునుడి బాణాలు అన్నీ అందులో లెక్కలైపోతాయి. లీలావతి ఆయన కూతురనీ, ఆగిపోయిన ఆమె పెళ్లి కథనీ మీరు వినే ఉంటారు. ఆ కథ ఆయన గ్రంథంలో లేదు. అక్బరు కాలంలో ఫైజీ చేసిన పారశీక అనువాదం ద్వారా ప్రచారమైంది.

లీలావతిలో విలోమ పద్ధతి అని ఒకటుంది. చివరి జవాబు తెలిసి మొదటి సంఖ్య తెలియనప్పుడు వచ్చిన దారినే వెనక్కి నడవాలి. కూడికకు తీసివేత, గుణకారానికి భాగహారం, వర్గానికి వర్గమూలం. సాక్సు వేసుకుని షూ వేసుకున్న పిల్లాడు ముందు షూ విప్పాలి కదా, ఇదీ అంతే. చివరి స్టెప్పును ముందు విప్పాలి.

ఆయన ఇచ్చిన ఒక లెక్క చూడండి. ఒక సంఖ్యను 3తో గుణించి, వచ్చినదానికి అందులోని 3/4 వంతు కలిపి, 7తో భాగించి, అందులో 1/3 వంతు తీసెయ్యాలి. మిగిలినదాన్ని వర్గం చేసి, 52 తీసేసి, వర్గమూలం కట్టి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వస్తుంది. వెనక్కి నడుద్దాం: 20, 12, 144, 196, 14. ఇక్కడ ఆగండి. 1/3 వంతు తీసేశాం కాబట్టి 14కు దాని 1/3 వంతు కలిపితే సరిపోతుందా? సరిపోదు. తీసింది 21లో మూడో వంతు, అంటే 7. అది 14లో సగం. అందుకే భాస్కరాచార్యులు హారాన్ని 3 నుంచి 2కు మార్చమన్నారు. సగం కలిపితే 21. 7తో గుణిస్తే 147. ముందు 3/4 వంతు కలిపాం కాబట్టి ఇప్పుడు 3/7 వంతు తీసేస్తే 84. 3తో భాగిస్తే 28. అదే జవాబు.

ప్లస్ అటు వెళ్తే మైనస్ అని బట్టీ పట్టిన పిల్లలు సరిగ్గా ఈ మలుపు దగ్గరే తడబడతారు. గుర్తు మార్చడం వచ్చినంత మాత్రాన లెక్క అర్థమైనట్టు కాదు. ఏది దేనిలో భాగమో తెలియాలి.

ఈసారి షాపింగుకు వెళ్లినప్పుడు ఇంటి లెక్కగా ఇది అడగండి. 500 రూపాయల చొక్కా 20 శాతం డిస్కౌంటులో 400కు వచ్చింది. మళ్లీ 500 కావాలంటే ఎంత శాతం కలపాలి? 20 అంటే వెంటనే తప్పని చెప్పకండి. కలిపి చూడమనండి. 480 దగ్గర ఆగిపోయాక 25 అని వాళ్లే కనిపెడతారు. చిన్న తరగతుల వాళ్లయితే 36ను 4తో భాగించి 9 అని రాశాక, 9 నుంచి మళ్లీ 36కు ఎలా వెళ్తావని అడగండి చాలు. జవాబు సరిచూసుకోవడం వాళ్ల చేతికే వచ్చేస్తుంది. ప్రతిసారీ రైటా, తప్పా అని మీ ముఖం చూడనక్కర్లేదు.

భాస్కరాచార్యులు 69 ఏళ్ల వయసులో, 1183లో, కరణ కుతూహలం అనే మరో గ్రంథం రాశారు. ఆయన మనవడు చంగదేవుడు తాతగారి గ్రంథాలు చదివించడానికే ఒక మఠం ఏర్పాటు చేశాడు. మహారాష్ట్రలోని పాటణ్ శాసనం ఆ సంగతి చెబుతోంది. తండ్రి దగ్గర మొదలైన చదువు మనవడి చేతుల మీదుగా ఊరి పిల్లలకు చేరింది. మీ ఇంట్లో ఆ చదువు మొదలవడానికి రోజుకు పది నిమిషాలు, ఒక్క ప్రశ్న చాలు: ఇప్పుడు వెనక్కి ఎలా వెళ్తావు?