ఓటునకు దారి తీర్చిన సుకుమార సేన్ గారు

ముక్తేశ్వరపు రేవున నిలిచి, గౌతమి కావలి యొడ్డుననున్న కోటిపల్లిని జూడనివారు మనలో నరుదు. ఆ యూరు కంటికి దగ్గరయే గాని కాలికి దగ్గర కాదు. పడవ వచ్చి, పడవవాడు చేయి యందించిననే గదా ముసలివారును, కుంటివారును, చంటిబిడ్డల తల్లులును ఆవలి యొడ్డు చేరగలుగుట! హక్కులును ఇట్టివే. చట్టమునందు వ్రాసినంత మాత్రమున హక్కు మనుష్యుని చేతికి రాదు. వ్రాతకును చేతికిని నడుమ ఏరువంటి యడ్డంకి యొకటి యుండును. స్వతంత్ర భారతమున మొదటి సార్వత్రికపు టెన్నికలు నడపి, అట్టి యడ్డంకులను బెక్కింటిని దొలగించిన సుకుమార సేన్ గారి జీవితమును ఇచట సంగ్రహముగా వ్రాయదలచితిమి. ఆయన తొలగింపజాలని యడ్డంకిని గూర్చియు దాచక చెప్పెదము.

సేన్ గారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో వంగదేశమున నొక విద్యావంతుల కుటుంబమున జన్మించిరి. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందును, పిదప లండను విశ్వవిద్యాలయమునందును చదివి, గణితశాస్త్రమున బంగారు పతకమును బొందిరి. తరువాత ఐ. సి. యస్. ఉద్యోగమున బ్రవేశించి, వంగదేశపు జిల్లాలలో బహు సంవత్సరములు పనిచేసి, న్యాయాధిపతిగా గూడ నుండిరి. 1947లో దేశము స్వతంత్రమైనప్పుడు పశ్చిమ వంగ రాష్ట్రమునకు ముఖ్య కార్యదర్శి యైరి. గణితజ్ఞునకు లెక్కయందును, న్యాయాధిపతికి నియమమునందును గల పట్టుదల ఆయన తరువాతి కార్యములన్నింటను గానవచ్చును.

ఆయన చేపట్టిన పని యెంత గొప్పదో తెలియవలెనన్న పూర్వస్థితిని దలచుకొనవలెను. 1935వ సంవత్సరపు చట్టము ననుసరించి ఆస్తియో, పన్నో, చదువో కలవారికే ప్రాయికముగా ఓటుండెడిది. కూలివానికిని, పాలికాపునకును, చదువురాని స్త్రీకిని సాధారణముగా నది లేదు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న ఆ దినములలో, 1937 ఎన్నికలయందు రంగురంగుల పెట్టెలుంచిరి. కాంగ్రెసు వారిది పసుపుపచ్చని పెట్టె. స్వతంత్ర భారత రాజ్యాంగము ఈ కట్టుబాట్లన్నింటిని ద్రోసివేసి, 21 సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకును, స్త్రీ పురుష భేదము లేక, ఓటు నొసంగెను. 1950 జనవరి 25వ తేదీన ఎన్నికల సంఘ మేర్పడెను. అదే సంవత్సరము మార్చి 21వ తేదీన సేన్ గారు దానికి మొదటి ప్రధానాధికారి యైరి. ఓటరులు 17 కోట్లకు మించి యుండిరి. వారిలో నూటికి 80 మందికి పైగా చదువను వ్రాయను రానివారు.

చదువులేమి మొదటి యడ్డంకి. అక్షరము రానివాడు అభ్యర్థి పేరు నెట్లు గుర్తించును? ఇందులకు సేన్ గారును, వారి సహచరులును గుర్తుల పద్ధతి నవలంబించిరి. కాడికట్టిన యెద్దుల జత, గుడిసె, మర్రిచెట్టు, దీపము, కంకి కొడవలి మున్నగునవి పల్లెవారు నిత్యము జూచునవే. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఉక్కు పెట్టె నుంచి, దానిపై నతని గుర్తు నంటించిరి. ఓటరు చీటిమీద నేమియు వ్రాయనక్కరలేదు; తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో వేసిన జాలును. ఒకడే రెండుమారులు ఓటు వేయకుండ, చెరగని సిరాను వ్రేలికి బూసిరి. కలము పట్టనెరుగని చేయియు నాడు రాజ్యాధికారమున బాలుపొందెను.

రెండవ యడ్డంకి దూరము. హిమాలయ ప్రాంతపు చీనీ తాలూకాలో మంచు పడి దారులు మూసికొనిపోవునని, అచటివారికి 1951 అక్టోబరు 25వ తేదీననే ఓటింగు జరిపించిరి. దేశమున మిగిలినచోట్ల నది 1952 ఫిబ్రవరివరకు సాగెను. కొండ పల్లెలకు బోవుటకై కొన్ని యేళ్లపై క్రొత్తగా వంతెనలు గట్టిరి. సముద్రపు దీవులకు నౌకాదళపు టోడలలో పెట్టెలను బంపిరి. మొత్తము 1,96,084 పోలింగు బూతు లేర్పడగా, వానిలో 27,527 స్త్రీలకే ప్రత్యేకింపబడెను. పరపురుషుల నడుమ నిలువ సంకోచించు స్త్రీలకు అదియు నొక వంతెనయే. పాయలును, కాలువలును, లంకలును గల కోనసీమవారమగు మనకు ఈ యేర్పాటుల విలువను వేరుగ జెప్పనక్కరలేదు.

మూడవ యడ్డంకి అన్నింటికంటె గడుసైనది. ఓటరుల పట్టీలు తయారగుచుండగా, ఉత్తర దేశమున బెక్కు చోట్ల స్త్రీలు తమ పేరు జెప్ప నొల్లరైరి. ఫలానావాని భార్య యనియు, ఫలానావాని తల్లి యనియు మాత్రమే వ్రాయించుకొనిరి. మన తెలుగునాట భర్త పేరు నోట బలుకని యాచార ముండెడిది. అచట తన పేరే పరులకు జెప్పరాదను నాచార ముండెను. పేరు లేని ఓటరును గుర్తించుటెట్లు? ఆమెకు మారుగా వేరొకతె వచ్చిన నెవరు తెలిసికొందురు? సేన్ గారు పేరులను సేకరింప మరల ప్రయత్నింపజేసిరి. అప్పటికిని, సుమారు 8 కోట్ల స్త్రీ ఓటరులలో 28 లక్షల మంది పేరులు తెలియరాలేదు. వారినందరిని బట్టీలనుండి కొట్టివేయుమని సంఘ మాజ్ఞాపించెను.

ఈ నిర్ణయమును గూర్చి మేము పలుమారు లాలోచించితిమి. ఓటు నిచ్చుటకై నియమింపబడినవారే 28 లక్షల మందికి ఓటు లేకుండ జేయుట తగునా? ఆ స్త్రీలు తప్పు చేసినవారు గారు. ఇంటివారు నేర్పిన మర్యాదను బాటించినవారు. ఆ యెన్నికలో వారి నోరు మూతపడెను, ఆ నష్టము మరల దీరునది కాదు. అయినను వేరొక పక్షమును గలదు. భార్యగా, తల్లిగా మాత్రమే వ్రాసికొన్న పట్టీలో స్త్రీ మరియొకరి నీడయై యుండును. రాజ్యాంగమో, ఆమెను స్వతంత్ర వ్యక్తిగా నెంచెను. ఈ కొట్టివేతవలన గలుగు నలజడియే రాబోవు ఎన్నికలనాటికి ఆ యాచారమును సడలించునని సేన్ గారు తలచిరి. 1957లో రెండవ సార్వత్రికపు టెన్నికలనాటికి చాలమంది స్త్రీలు తమ పేరులతోనే పట్టీల కెక్కిరి. ఆయన యూహ నిజమయ్యెను. కాని దాని మూల్యమును జెల్లించినది ఆయన గాదు, ఆ స్త్రీలే. ఈ రెండు మాటలను గలిపి జ్ఞాపకముంచుకొనుట న్యాయమని మా యభిప్రాయము.

1953లో సూడాను దేశపు ఎన్నికలను నడపించుటకు బిలువబడి, సేన్ గారు అచటి సంఘమునకు అధ్యక్షత వహించిరి. 1957 ఎన్నికలను గూడ నిర్వహించి, మరుసటి సంవత్సరము పదవి విడిచిరి. 1960లో బర్ద్వాను విశ్వవిద్యాలయమునకు మొదటి ఉపాధ్యక్షులై, 1963లో గాలధర్మము నొందిరి.

ఆయనతో పని ముగియలేదు. కన్నులు లేనివారును, నడువలేనివారును ఇంకను ఒడ్డుననే నిలిచియుండిరి. 1961 నాటి నియమములయందు, గ్రుడ్డివారును, అశక్తులును ఒక తోడును వెంటబెట్టుకొని పోవచ్చునని యున్నది. ఆ తోడు 18 సంవత్సరములు నిండినవాడై యుండవలెను. ఓటును రహస్యముగ నుంచెదనని ఒప్పుకొనవలెను. ఒక దినమున నొక్కరికంటె నెక్కువమందికి తోడు పోరాదు. ఇది మేలే గాని, తోడువచ్చినవాడు తాను జెప్పిన గుర్తునే నొక్కెనో లేదో గ్రుడ్డివా డెట్లెరుగును? పెట్టెలు పోయి యంత్రములు వచ్చిన పిదప, 2004లో మన హైదరాబాదునందలి ఆసిఫ్‌నగర్ శాసనసభా స్థానపు టుపయెన్నికలో, యంత్రముపై బ్రెయిలీ చుక్కల యంకెల నమర్చి చూచిరి. చూపులేని ఓటరు తన వ్రేలితోనే చదివి, ఎవరికిని జెప్పక, తన ఓటు దాను వేసికొనగల మార్గ మట్లేర్పడెను. కదలలేనివారికై మెట్లప్రక్క వాలుదారులు వేయవలెనని ఆ సంవత్సరమే సుప్రీము కోర్టు ఆదేశించెను. 2024 లోకసభ ఎన్నికలలో 85 సంవత్సరములు దాటిన వృద్ధులకును, నూటికి 40 పాళ్లు తక్కువగాని వైకల్యము గలవారికిని ఇంటియొద్దనే ఓటు వేయు వీలు గల్పించిరి.

విద్యార్థులారా! పోలింగు బూతులు తరచుగా నేర్పడునది మన పాఠశాలవంటి కట్టడములలోనే. మీరు దినమునకు బదిమారులు ఎగిరి దాటు అరుగుమెట్టు, ఒక ముసలమ్మకు గౌతమియంత వెడల్పు. మీకింకను ఓటు లేదు. తోడుగా లోనికి బోవు వయస్సును రాలేదు. అయినను మీ నాయనమ్మ పేరు పట్టీలో సరిగ నున్నదో లేదో చదివి చెప్పవచ్చును. తప్పున్నచో పెద్దలచేత దిద్దింపవచ్చును. ఎన్నికనాడు ఆమె చేయి పట్టుకొని గుమ్మమువరకు నడిపింపవచ్చును. అచట చేయి విడువుడు. ఆపైని పని ఆమెది.