శ్రీకాకుళపు వర్ణశిల్పి

శ్రీ వడ్డాది పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులైన తండ్రి రామమూర్తిగారే తొలిగురువు. రవివర్మ చిత్రించిన కోదండరాముని పటము రెండవ గురువైనది.

అయినను ఆ త్రోవనుండి శిష్యులు చాలదూరము వచ్చిరి. రవివర్మ స్త్రీలు నిండుచీరలతో, బరువుగా నేలపై నిలుతురు. పాపయ్యగారి స్త్రీ సన్నని పయ్యెదలో, ఒకింత వంగిన నడుముతో, పుట యెత్తునంతటిని ఆక్రమించి లేచును. వెనుకనున్న చెట్టో మబ్బో మేనిచాయను ఎత్తిచూపుటకే యుండును. నీలివెన్నెలలో పసిమిమేను, ఎఱ్ఱని సంజలో శ్యామలదేహము: ఈ ఎదురురంగుల పొత్తువలన, దాదాపు వివస్త్రయైన దేహమును చూచు కన్ను ఒకచోట నాటుకొనక రేఖవెంట తిరుగుచుండును. నగలు సైతము ఆ పనికే. మెడయొద్ద, కటియొద్ద చూపునాపి మరల పంపును.

రేరాణి, అభిసారికలకు బొమ్మలు వ్రాసిన చేయియే 1959 మొదలు చందమామ ముఖచిత్రములను పిల్లలకు వ్రాసెను. యువ పుటలలో రాగములు, ఋతువులు స్త్రీరూపము దాల్చెను. బట్ట హెచ్చుతగ్గులే గాని గీత మారలేదు. దీనిని దోషమనువారితో నేనేకీభవింపను. దేహమును గూర్చి ఆయన మనసులో రెండు లెక్కలు లేవు.

పత్రికల బొమ్మలని వీనిని తేలికగా చూచుట కలదు. దామెర్ల రామారావుగారి చిత్రములకు రాజమహేంద్రవరమున చిత్రశాల యున్నది. ‘వపా’ను మనలో పెక్కురు చూచినది అచ్చుకాగితముపైననే, అదియు యంత్రము కొంత రంగును మ్రింగిన పిదప!

కశింకోటలో స్థిరపడిన పాపయ్యగారు 1992 డిసెంబరు 30న కన్నుమూసిరి.