తోరణం కట్టించిన మనిషి

గణపతిదేవుడి పాలన చెర నుంచి బయటపడ్డాకే మొదలైంది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవుల మీద యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. కుర్రాడైన గణపతి శత్రువుల చేతికి చిక్కాడు. రాజు లేడు, వారసుడు బందీ. అలాంటి టైమ్‌లో సామంతులు ఎవరి దారి వాళ్లు చూసుకోవడం మామూలే. సేనాని రేచర్ల రుద్రుడు మాత్రం రాజ్యం చెదిరిపోకుండా కాపాడాడు. కొంతకాలానికి యాదవరాజు గణపతిని విడిచిపెట్టాడు. 1199లో సింహాసనం ఎక్కిన ఆయన అరవై ఏళ్లకు పైగా పాలించాడు.

ఈ కథలో రుద్రుడంటే నాకు చాలా ఇష్టం. సింహాసనం ఖాళీగా ఉన్నా తను ఎక్కలేదు. 1213లో ఆయన కట్టించిన గుడే మన రామప్ప. 2021లో యునెస్కో గుర్తించింది కూడా దాన్నే. పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు! సివిల్ వాళ్లు మా ముందు గొప్పలు చెప్పుకోవడానికి ఈ ఒక్క గుడి చాలు.

గణపతిదేవుడు యుద్ధాలు చేసి తీరాంధ్రని కలుపుకున్నాడు. కానీ ఓడిపోయిన వాళ్లందరినీ తొక్కేయలేదు. దివిసీమ నాయకుల ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకుని, వాళ్ల సోదరుడు జాయపను ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే తర్వాత నృత్తరత్నావళి రాశాడు.

ఆయన చేసిన ఇంకో పని మోటుపల్లి శాసనం. అంతకుముందు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. 1244లో గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపేసి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని సముద్ర వ్యాపారులకు అభయం ఇచ్చాడు, దాన్ని రాతి మీద చెక్కించాడు. ఒకప్పుడు పరాయి వాళ్ల చేతిలో చిక్కిన మనిషి కాబట్టే, ఒడ్డున దిక్కులేకుండా నిలబడ్డ వాళ్ల బాధ ఆయనకి అర్థమైందేమో అనిపిస్తుంది నాకు.

ఆయన కాలంలోనే రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకి మారింది. చుట్టూ మట్టికోట, కందకం, లోపల రాతికోట. మిగిలిన పనిని కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. కోట మధ్యలో స్వయంభూ దేవాలయం, దానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఇన్ని గోడలు, ఇంత కాపలా దాటి లోపలికొస్తే అక్కడున్న తోరణాలకి అసలు తలుపులే లేవు! 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లుని గెలిచింది. గుడి పోయింది, తోరణాలు మిగిలాయి.

ఆయనకి కొడుకులు లేరు. ఆ రోజుల్లో అది పెద్ద సమస్య. ఆయన మాత్రం రుద్రమకి రుద్రదేవ మహారాజు అని మగ పేరు పెట్టి, తనతో పాటు పాలనలో కూర్చోబెట్టాడు. చివరి రోజుల్లో ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో ఓడిపోయాడు. ఆ దెబ్బ తర్వాత కూడా రాజ్యం నిలబడిందంటే, అది రుద్రమ వల్లే.

ఇదంతా నేను ఎందుకు చదివానంటే, మా కాలేజీలో స్టార్టప్‌ల కోసం ఒక ఆఫీసు హాలు తయారవుతోంది. వరంగల్ వారసత్వం కనపడేలా ఇంటీరియర్ ఐడియాలు ఇమ్మన్నారు. చాలామంది ఇచ్చింది ఒకటే: గాజు తలుపు మీద తోరణం స్టిక్కర్. తోరణం ఇప్పటికే రాష్ట్ర చిహ్నంలో ఉంది, పెళ్లి మండపాల మీద ఉంది. బొమ్మగా ఇంకొకటి పెడితే ఎవరూ తలెత్తి చూడరు.

నా డిజైన్‌లో తోరణం బొమ్మ లేదు. నాలుగు వైపుల నుంచి దారులు వచ్చి మధ్యలో కలుస్తాయి. ఆ మధ్యలో మేనేజర్ క్యాబిన్ ఉండదు, అందరూ కూర్చునే పెద్ద బల్ల ఉంటుంది. అక్కడికి వెళ్లే నాలుగు చోట్లా రెండు నిలువు స్తంభాలు, పైన ఒక దూలం, తలుపు లేదు. బల్ల పైభాగం వేయిస్తంభాల గుడిలోలా నున్నగా పాలిష్ చేసిన నల్లరాయి. కింద మన కొత్తవాడ దర్రీలు. సర్వర్ గదికి మాత్రం తాళం ఉంటుంది, రాతికోట కూడా అవసరమే కదా.

2020లో మడికొండలో పెద్ద ఐటీ కంపెనీలు ఆఫీసులు తెరిచాయి. అయినా మా సీనియర్లలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరు బస్సులే ఎక్కారు. ఇంకో రెండేళ్లలో నా వంతు వస్తుంది. ఇక్కడే ఉండి పని చేసుకోవాలని నాకుంది. మనిషి ఊళ్లో ఆగాలంటే జీతం కావాలి, నిజమే. దాంతో పాటు, లోపలికి రానిచ్చే చోటు కూడా కావాలి. బడ్జెట్ చాలకపోతే రాయి బదులు చెక్క వాడొచ్చు, దర్రీలు తగ్గించొచ్చు. మధ్యలో ఉన్న బల్లని మాత్రం ఎవరి క్యాబిన్‌గానూ మార్చొద్దని అడుగుతాను.