ఔషధ మర్మమెరిగిన యల్లాప్రగడ సుబ్బారావు

శంషాబాదు విమానాశ్రయం 2008లో ప్రారంభమైన నాటి నుండి హైదరాబాదు పరిసరాలలో తయారయ్యే మందులు అక్కడి నుండి దేశదేశాలకు తరలుతున్నాయి. ఔషధశాస్త్రం అభ్యసించే మనం ఈ సందర్భంలో స్మరింపదగిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి కబళించింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించి, రోగి శుష్కించిపోవడం దాని లక్షణం. మద్రాసులో వైద్యవిద్య ముగించి, ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన సాగించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో ప్రవేశించారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొత్త రక్తకణం పుట్టాలంటే డి.ఎన్.ఏ. నిర్మాణం జరగాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది దివ్యౌషధమైంది.

అయితే రక్తకాన్సరు కణాల వృద్ధికీ అదే ఆధారం. రోగులకు దానిని ఇచ్చినప్పుడు వ్యాధి విజృంభించినట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరుకు తోచింది. అప్పుడు సుబ్బారావు బృందం రూపంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పని మాత్రం చేయని అమినోప్టెరిన్‌ను అందించింది. తాళంకప్పలో దూరి, తిరగక, అసలు చెవికి చోటివ్వని మారు తాళంచెవి వంటిది ఈ మందు. అది ఎంజైమును పట్టుకొనగా కణవిభజన ఆగిపోతుంది. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితాలలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా, అంతవరకు ఆశ లేని వ్యాధికి అది తొలి ఆశ.

బోదకాలు క్రిములపై పనిచేసే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషిఫలమే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి దీనిని వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే రోగకణాలతో పాటు ఎముకల మజ్జలోని ఆరోగ్యకణాలు కూడా నశించి ప్రాణం మీదికి వస్తుంది. మందుకు మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు. తెలియవలసినది మందు అందించే మనకే. చీటీపై వ్రాసిన ఆ ‘వారానికి’ అన్న ఒక్క మాటను రోగికి విడమరచి చెప్పడమే ఆ మహనీయునికి మనం చెల్లించగల నివాళి అని మేము భావిస్తున్నాము.