కైఫీయత్తులు కూర్చిన కర్నల్ మెకంజీ

పాత తాళపత్రములయందును, విరిగిన విగ్రహములయందును, చెల్లుబడిలేని నాణెములయందును మనసు నిలుపువారిని లోకులు పనిలేనివారిగా నెంచుట వాడుక. ఆ వేడుక నడివయసు దాటిన పిమ్మట పుట్టినచో పరిహాసము మఱింత హెచ్చును. అట్టి వేడుక యొకటి నలువది యేండ్లు దాటిన ఒకనియందు వేరూని, ఇరువదియైదు సంవత్సరములు విడువక పట్టియుండుట చేతనే ఆంధ్రదేశమున వందలకొలది గ్రామముల పూర్వవృత్తాంతము మనకు దక్కినది. ఆ మనుష్యుడు ఆంధ్రుడు కాడు. మన భాష చదువనేర్చినవాడును కాడు. కుంఫిణీ సైన్యమున ఇంజనీరుగా నుండి, తుదకు హిందూదేశమునకెల్ల సర్వేయరు జనరలైన కర్నల్ కాలిన్ మెకంజీయే ఆయన.

మెకంజీ 1754వ సంవత్సరమున స్కాట్లండు దేశపు వాయవ్యదిశనున్న లూయిస్ ద్వీపమున, స్టోర్నోవే అను రేవుపట్టణమున జన్మించెను. యౌవనమున ఆయన చేసిన కొలువు సుంకపు కచేరిలో లెక్కల యధికారము. ఓడలు తెచ్చిన సరకును లెక్కించి చిట్టాకెక్కించు నా పని నుండియే, ప్రతి వస్తువును పేరుతోను, తేదీతోను, చోటుతోను వ్రాసియుంచు నలవాటు ఆయనకు జీవితాంతము నిలిచియుండును. కరణీకము చేసినవారికి ఈ గుణము విలువ వేఱుగ చెప్పనక్కరలేదు.

సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియర్ అను గణితవేత్త వంశములోని ప్రభువొకడు తన పూర్వుని చరిత్రము వ్రాయబూని, హిందువులకు పూర్వకాలమున గణితము ఎంతవఱకు తెలిసియుండెనో విచారింపుమని మెకంజీని కోరెను. ఈ కోరిక ఆయన చూపును మన దేశమువైపు త్రిప్పెను. 1783లో కుంఫిణీ కొలువు సంపాదించి చెన్నపట్టణమున దిగెను. అప్పటికి వయసు ఇరువదితొమ్మిదేండ్లు. మరల స్వదేశమును చూడలేదు. ఆ నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ మధురలో నివసించుచు పండితులను పిలిపించి శాస్త్రవిషయములు విచారించుచుండెను. మెకంజీ అక్కడికేగి వారి ప్రసంగములు వినెను. హిందువుల విద్యలకు సంబంధించిన సాధనములన్నియు ఒకచోట చేర్పవలెనను తలంపు అక్కడ మొలకెత్తెను.

మొలకెత్తినదే కాని పెరుగలేదు. తరువాతి పదుమూడేండ్లు యుద్ధములకును, దారుల కొలతలకును చెల్లిపోయినవి. కోయంబత్తూరు, దిండుగల్లు సీమలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతములు, మైసూరు యుద్ధము, పుదుచ్చేరి ముట్టడి, పిమ్మట సింహళము. 1792 మొదలు నైజాము రాజ్యపు సరిహద్దుల కొలత ఆయనకు అప్పగింపబడెను. ఆ సందర్భమున 1794లో శ్రీశైలమునకు పోయి, ఆలయ ప్రాకారముపై చెక్కిన శిల్పములను వింతతో పరికించి, ఆ యాత్రను గూర్చి వ్యాసము వ్రాసెను. కాని చూచినదాని యర్థము చెప్పువారు లేరు. భాష రాని వానికి శిల్పము కంటికి మాత్రమే విందు. సింహళము నుండి తిరిగివచ్చిన 1796 నాటికి ఆయనకు నలువదిరెండేండ్లు. తన వయసులో సగము గడచెననియు, తలపెట్టినది ఇంకను ప్రారంభమే కాలేదనియు ఆయనయే ఉత్తరోత్తర విచారముతో తలచుకొనెను.

అప్పుడు దొరికినవాడు కావలి వేంకట బొఱ్ఱయ్య. ఏలూరివాడు, నియోగి బ్రాహ్మణుడు, ఇరువదేండ్ల ప్రాయము. తెలుగు, సంస్కృతము, పారసీకము, హిందూస్థానీ, ఇంగ్లీషు ఎఱిగిన చుఱుకైన యువకుడు. మెకంజీకి ఇతడు కన్నును నోరునై నిలిచెను. ఊరూర పండితులను, వృద్ధులను, కరణములను కలిసికొని మాటలతో మెప్పించి, ఎవరికిని నొప్పి కలుగకుండ సమాచారము రాబట్టు నేర్పు బొఱ్ఱయ్యకు సహజముగ నబ్బినది. పాతకన్నడ శాసనముల లిపిని చదువు దారియు ఇతడే కనుగొనెను. నడివయసు దొర యువకుడైన తెలుగువానికి శిష్యుడయ్యెనని చెప్పినను తప్పులేదు. తమ్ములైన లక్ష్మయ్య, రామస్వామియు క్రమముగ ఈ పనిలో చేరిరి.

ఈ సేకరణ జరిగిన విధము తెలిసికొనదగినది. మెకంజీ తాను కొలతపని మీద తిరుగుచునే, చదువుకొన్న మనుష్యులను వేఱువేఱు సీమలకు పంపుచుండెను. దత్తమండలములలో నారాయణరావు, మఱికొన్ని తావులలో ఆనందరావు మున్నగువారు ఏండ్ల తరబడి సంచరించిరి. వారు ఒక గ్రామమునకు పోయి కరణమును కలిసికొని, ఊరు ఎవరు కట్టించిరి, ఆ పేరెట్లు వచ్చెను, గుడి ఎవరు నిలిపిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, గజపతులనాడు, రెడ్లనాడు, రాయలనాడు, తురకలనాడు అమలు ఎట్లు జరిగెను, ఏ యగ్రహారము ఎవరికిచ్చిరి, మిరాశీ ఎవరిది అని ప్రశ్నించి, కరణము కవిలెలో నున్నదానిని, ఊరి పెద్దలు చెప్పినదానిని, రాతిమీది శాసనపు నకలును వ్రాసికొని పంపుచుండిరి. ఇట్లు వ్రాసిన దానికి కైఫీయత్తు అని పేరు. మౌజే, తాలూకా, సర్కారు పేర్లతో మొదలయి, ఊరి సంగతిలోనికి దిగును. దండకవిలె యనబడు పూర్వపు లెక్కల పుస్తకములకును నకళ్లు తీయించిరి. కొండవీటి దండకవిలె ఇట్లు దక్కినదే.

ఇది సులువుగా జరిగిన పని యని తలపరాదు. కొలతగొలుసు పట్టుకొని తిరుగు దొర మనుష్యుడు పాత కవిలె చూపుమనినచో, పన్ను హెచ్చింపవచ్చెననియో, ఈనాము ఊడబెఱుకవచ్చెననియో శంకించుట సహజము. ఆ శంక కేవలము నిరాధారమును కాదు. దేశమును కొలిచి లెక్కకెక్కించుట కుంఫిణీ యమలు బలపడుటకే కదా. అందుచే కొందఱు దాచిరి. కొందఱు తమ ఈనాములకు బలము చేకూరునట్లు కథ పెంచి చెప్పిరి. కావుననే కైఫీయత్తులను చదువువారు పురాణమును, చరిత్రను, కరణము స్వలాభమును వేఱుచేసి చూడవలసియుండును. త్రేతాయుగమున రాముడు ప్రతిష్ఠించిన లింగమను మాట ప్రక్కనే రెడ్డిరాజులనాటి పన్నులెక్క ఉండును. మొదటిదానిని చూచి నవ్వి రెండవదానిని పాఱవేయుట తెలివి కాదు. ఆ కవిలెలు పెక్కు తరువాత చెదలకును, వఱదలకును, ఇంటి విభాగములకును ఆహుతియైనవి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకములే రద్దైన పిమ్మట అటుకులపై మిగిలినవి ఎన్ని నిలిచెనో ఆయా యిండ్లవారికే యెఱుక.

అమరావతి సంగతి కొంత విపులముగ చెప్పదగినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు చింతపల్లి విడిచి అమరావతిలో నూతన నగరము కట్టించుచుండగా, కట్టడమునకు ఇటుకయు రాయియు కావలసి, దీపాలదిన్నె యను మట్టిగుట్టను త్రవ్విరి. తెల్లని చలువరాతి పలకలు, వాటిపై మనుష్యులు, ఏనుగులు, పద్మములు బయటపడెను. వార్త విని మెకంజీ ఆ శతాబ్దము ముగియకమునుపే వచ్చి చూచి, ఆ వృత్తాంతమును ప్రకటించెను. అవి బౌద్ధస్తూపపు శిల్పములని ఆనాడెవరికిని తెలియదు. మెకంజీ వాటిని జైనులవని భావించెను. తలపోత తప్పైనను చేసిన పని తప్పు కాలేదు. 1816లో, అఱువది రెండేండ్ల వయసున, చిత్రకారులతో మరల అక్కడికి వచ్చి, ఆ పలకలను ఒక్కొక్కదానిని కొలిచి బొమ్మలు వ్రాయించెను. ఈలోపల ఎన్నో పలకలు గోడలలోనికిని, మెట్లలోనికిని, సున్నపు బట్టీలలోనికిని పోయినవి. తరువాతను పోయినవి. మెకంజీ గీయించిన బొమ్మలో తప్ప వేఱెక్కడను కానరాని శిల్పములు ఇప్పటికిని కొన్ని కలవు.

1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట మైసూరు రాజ్యమును కొలుచు భారము ఆయనపై పడెను. నలువదివేల చదరపు మైళ్లకు మించిన దేశము. ఆ పనిలోనుండగనే 1803లో బొఱ్ఱయ్య మరణించెను. ముప్పది యేండ్లైన నిండలేదు. మెకంజీకి ఇది కుడిచేయి పోయినట్లైనది. ఆ వియోగముతో సేకరణ నిలిచిపోవునని తలచినవారుండిరేమో; కాని అన్న స్థానమున లక్ష్మయ్య నిలిచి, మెకంజీ చనిపోవువఱకును మనుష్యులను నడపుట, వచ్చిన నివేదికలను పరిశీలించుట, తర్జుమా చేయించుట అన్నియు తానే చూచెను. ఖర్చులో హెచ్చుపాలు మెకంజీ తన జీతము నుండియే పెట్టెను. మొత్తము పదునైదువేల పౌనులకు మించియుండునని హెస్టర్ కుమారుడగు అలెగ్జాండర్ జాన్‌స్టన్ అంచనా వేసెను.

ఏబది యేడేండ్ల వయసున, 1811లో, సైన్యముతో జావాద్వీపమునకు పోవలసివచ్చెను. ఆ ప్రాయమున అధికులు పించను తలచుకొందురు. మెకంజీ అక్కడను ప్రంబనన్ శిథిలాలయములను చూచి వర్ణించెను. డచ్చి కాగితములను, జావా వ్రాతప్రతులను క్రొత్తగా ప్రోగుచేసెను. క్రొత్త దేశము, క్రొత్త లిపి, క్రొత్త మనుష్యులు. పాతది ఆ వేడుక యొక్కటియే. అంతవఱకు బ్రహ్మచారిగా నున్న ఆయన 1812లో అక్కడనే పెట్రొనెల్లా బార్టెల్స్ అను డచ్చి వనితను వివాహమాడెను. అప్పటికి ఏబదియెనిమిదేండ్లు.

1815లో హిందూదేశమునకు తొలి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. మఱుసటి యేడు చెన్నపట్టణమున థామస్ హిక్కీ అను చిత్రకారుడు వ్రాసిన పటములో ఎఱ్ఱని సైనికవేషముతో నిలిచిన మెకంజీ చుట్టును మువ్వురు దేశీయులు కానవత్తురు; ఒకనిచేత తాళపత్రములు, ఒకనిచేత దూరదర్శిని; వెనుక దూరమున కొండపై గోమటేశ్వరుడు. దొరలు తమ పటములలో నౌకరులను వ్రాయించుకొనుట క్రొత్త కాదు. కాని ఈ పటములోనివారు విసనకఱ్ఱ పట్టినవారు కారు, విద్య పట్టినవారు.

1817లో కలకత్తాకు తరలిపోయెను. దక్షిణదేశపు పండితులను వెంట తీసికొనిపోవలసివచ్చెను. ఆ సరకునకు పట్టిక వ్రాసి, సారము ప్రకటింపవలెనని ఆశపడెను. శరీరము సహకరింపలేదు. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున కాలధర్మము నొందెను. కూర్చినదానిలో తానై గ్రంథరూపమున వెలువరించినది అత్యల్పము. ఇది ఆయన జీవితములోని గొప్ప లోటు. మన భాషలలో నొకటియైనను స్వయముగ నేర్చియుండినచో లోటు కొంత తీరియుండునేమో. ఇరువదేండ్లు తెలుగువారి నడుమ మెలగి, ప్రతి యక్షరమునకును ఒకరిపై నాధారపడుట ఆయనకును కొఱతగానే తోచెను.

కుంఫిణీవారు ఆ సంచయమును ఆయన భార్యనుండి పదివేల పౌనులకు కొనిరి. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో దానికి పట్టిక ప్రకటించెను: గ్రంథముల ప్రతులు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనములు 8,076, బొమ్మలు 2,630, నాణెములు 6,218. కొంత భాగము లండనుకు పోయెను. తెలుగు, తమిళ, కన్నడ కాగితములు చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను. నాటుకాగితము పొడియగుచు, సిరా వెలయుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను పూనుకొని కైఫీయత్తులకు నకళ్లు వ్రాయించుటచే అవి నిలిచెను.

కావలి లక్ష్మయ్య సంగతి యింకను మిగిలియున్నది. దొర పోయిన పిమ్మట మిగిలిన పనిని తాను సాగించెదననియు, పండితులకు జీతములిప్పింపుడనియు ఆయన విన్నవించుకొనెను. ఆ విన్నపము 1836 ప్రాంతమున కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ విచారణకు వచ్చినపుడు, కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, ఇట్టి పనిని నడుపు సామర్థ్యము దేశీయునకు చాలదని త్రోసివేసెను. బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన మహావిద్వాంసుని తీర్పిది. పదునెనిమిదేండ్లు ఆ పనినే నడిపినవానిని గూర్చి ఇంతకంటె అన్యాయమైన మాట వేఱొకటి యుండబోదు. లక్ష్మయ్య వెనుదీయక చెన్నపట్టణమున హిందూ సాహిత్య సమాజమును నడపెను. తమ్ముడు రామస్వామి అంతకుమునుపే, 1829లో, దక్కను కవుల చరిత్రములను ఇంగ్లీషున వ్రాసి అచ్చువేయించి, అందు అన్న బొఱ్ఱయ్య జీవితమును చేర్చియుండెను.

మెకంజీ కూర్చిన తెలుగు వ్రాతలు నేటికిని చెన్నైలోని ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున నున్నవి. పెక్కు జిల్లాల కైఫీయత్తులు అచ్చునకును వచ్చినవి. వాటిలో తమ ఊరి పేరు వెదకికొనువారికి ఒక్కొక్కప్పుడు నాలుగు పుటలు దొరకును, ఒక్కొక్కప్పుడు నాలుగు పంక్తులు. ఆ పంక్తులలో ఎండిపోయిన చెరువు పేరో, గుడి ధ్వజస్తంభము నిలిపినవాని పేరో కనబడును.