మాట పెగలని బారిస్టరు



ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలే ఇంగ్లీష్ స్పీకింగ్ టెస్ట్ అనగానే బిగుసుకుపోతుంటారు. మీ బాబో, పాపో అలాంటివారైతే కంగారుపడకండి. అదే భయంతో ఏళ్ల తరబడి ఇబ్బందిపడిన ఒకరి జీవితం చదవండి. ఆయన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

రాజ్‌కోట్‌లో హైస్కూలు చదువుతుండగా, నాలుగో తరగతి నుంచి పాఠాలు చాలావరకు ఇంగ్లీషులోకి మారాయి. గుజరాతీలో చదువుకుంటూ వచ్చిన ఆయనకు జామెట్రీ కొరుకుడు పడలేదు. 1888 సెప్టెంబరులో బారిస్టరు చదువుకని లండన్ ఓడ ఎక్కారు. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే సరిగా అర్థమయ్యేది కాదు. అర్థమైనా, జవాబును ముందు మనసులో కూర్చుకుంటే గానీ నోరు తెరవలేకపోయేవారు. డైనింగ్ హాలుకు వెళ్లకుండా, వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో గదిలోనే సరిపెట్టుకున్నారు. పరాయి భాషలో తప్పులు సహజమేనని, అయినా మాట్లాడమని తోటి ప్రయాణికుడైన వకీలు ఎంత చెప్పినా బిడియం వదల్లేదు.

లండన్‌లో ఫీజు కట్టి ఉపన్యాస కళ నేర్చుకోబోయారు. ఆ మోజు దాదాపు మూడు నెలల్లో తీరిపోయింది. పేపర్లు చదివే అలవాటు మాత్రం అక్కడే అయింది. శాకాహార సంఘం సమావేశంలో తన అభిప్రాయం కాగితంపై రాసుకెళ్తే, దాన్ని వేరొకరు చదవాల్సివచ్చింది. 1891లో బారిస్టరై స్వదేశానికి వచ్చాక బొంబాయి కోర్టులో తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచారు. కాళ్లు వణికాయి, ఒక్క ప్రశ్నా రాలేదు. తీసుకున్న 30 రూపాయల ఫీజు వదులుకుని, కేసును మరో వకీలుకు అప్పగించమన్నారు.

1893లో ఒక కేసు పని మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ముందు, వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడారు. ఆ విషయం మీద ఆలోచించుకుని, సిద్ధపడి వెళ్లారు. చెప్పాలన్న తపన ఉంది కనుక ఈసారి మాట ఆగలేదు. అదే సభలో, కావాలంటే ఇంగ్లీష్ నేర్పుతానన్నారు. ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న దుకాణదారు ముందుకొచ్చారు. వాళ్ల దగ్గరికే వెళ్లి దాదాపు ఎనిమిది నెలలు నేర్పారు. మంగలికి కస్టమర్లతో మాట్లాడేంత, మిగతా ఇద్దరికి లెక్కలు, ఉత్తరాలు రాసేంత వచ్చింది. ఎవరికి అవసరమైన ఇంగ్లీష్ వారికి దక్కింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు, అదే లండన్‌లో కాంగ్రెస్ తరఫున మాట్లాడారు.

విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఒక టాపిక్ ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాల వరకు ఇస్తారు. బట్టీ పట్టిన జవాబు అక్కడ ఎంతోసేపు నిలబడదు. కాబట్టి రాత్రి భోజనాల దగ్గర రెండు నిమిషాలు పిల్లలకివ్వండి. క్రికెట్ కావచ్చు, అమ్మమ్మగారి ఊరు కావచ్చు, వాళ్లకు నచ్చిన విషయమే ఇంగ్లీషులో చెప్పనివ్వండి. మధ్యలో ఆపి తప్పు దిద్దే అలవాటు టీచరుగా నాకూ ఉండేది. దాంతో తప్పుతోపాటు మాట కూడా ఆగిపోతుందని క్లాసులో చూశాక మానుకున్నాను. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫరవాలేదు. పూర్తిగా వినండి, చాలు.